డ్రిల్లు మాస్టారి మనవరాలు

కిందటి వేసవిలో అక్కావాళ్లు టెక్సాస్ నుంచి తెనాలి వచ్చారు. మధ్యాహ్నం భోజనాలయ్యాక వసారాలో కూర్చుని ముంజలు తింటుంటే, మా అమ్మ మనవరాల్ని దగ్గరికి లాక్కుని అడిగింది.

"ఇంతకీ నువ్వు చదివేదేమిటే తల్లీ?"

"కైనీసియాలజీ, అమ్మమ్మా."

అమ్మ నావైపు చూసింది. నేను బావగారివైపు చూశాను. ఆయన మామిడిచెట్టువైపు చూశారు. ఇంజినీరింగూ మెడిసినూ కాక ఇంకో చదువు పేరు వినపడితే మా ఇంటి మగవాళ్లందరికీ మామిడిచెట్టే దిక్కు.

"అందులో ఏం చెప్తారు?"

"మనిషి ఎలా కదులుతాడు, ఎందుకలా కదులుతాడు, కదల్లేకపోతే ఏం చెయ్యాలి... కండరాలు, ఎముకలు, ఆటలు, ఎక్సర్‌సైజు, అన్నీ."

అమ్మ ముఖం వెలిగిపోయింది. "ఓసి దీని దుంపతెగ, మీ తాతయ్య ఉద్యోగమేగా! డ్రిల్లు మాస్టారివి అవుతావన్నమాట."

అందరం పగలబడి నవ్వాం. పిల్ల మాత్రం నవ్వలేదు. రెండేళ్లుగా శవాల మీద శరీర నిర్మాణం చదివి, ఫిజిక్సు సూత్రాలతో మోకాలి కీలు మీద పడే బరువు లెక్కగట్టి, నరాల గురించి పరీక్షలు రాసి వస్తే, విజిల్ ఊదే ఉద్యోగమా అని దాని ఉక్రోషం. బావగారి బాధ వేరు. ఇన్ని డాలర్లు పోసి చదివిస్తే చివరికి ఏమవుతుందో ఆయనకీ తెలియదు. కంప్యూటర్స్ చదివితే సాఫ్ట్‌వేర్, ఎంబీబీఎస్ చదివితే డాక్టర్. మరి ఇది చదివితే?

ఆ ప్రశ్నకి జవాబు వెతుక్కుంటూ పోతే తేలిందేమిటంటే, ఆ మధ్యాహ్నం మా ఇంట్లో ఆ చదువు గురించి సరైన మాట అన్నది అమ్మొక్కతే.

గుర్రం నాలుగు కాళ్లూ

కినేసిస్ అంటే గ్రీకులో కదలిక. కదలికను చూడటం ఒక శాస్త్రమని లోకానికి తెలిసింది మనిషివల్ల కాదు, గుర్రంవల్ల. పరుగు మీదున్న గుర్రం నాలుగు కాళ్లూ ఒకేసారి నేల విడుస్తాయా అన్నది 19వ శతాబ్దంలో పెద్ద వాదన. 1878లో లేలాండ్ స్టాన్‌ఫోర్డ్ అనే రైల్వే కోటీశ్వరుడి గుర్రాన్ని కాలిఫోర్నియాలోని పాలో ఆల్టోలో పరిగెత్తించి, పక్కన పన్నెండు కెమెరాలు వరసగా పెట్టి, ఎడ్వర్డ్ మైబ్రిడ్జ్ ఫొటోలు తీశాడు. విడుస్తాయి. కాకపోతే చిత్రకారులు గీసినట్టు కాళ్లు ముందుకీ వెనక్కీ చాపినప్పుడు కాదు, పొట్ట కిందికి ముడుచుకున్నప్పుడు. వందల ఏళ్లపాటు మనుషులు రోజూ చూస్తూ కూడా తప్పు చూశారన్నమాట.

మా నాన్న దగ్గర కెమెరా లేదు. జిల్లా పరిషత్ హైస్కూళ్లలో ముప్పైనాలుగేళ్లు డ్రిల్లు మాస్టారుగా చేశారు. మెడలో విజిలు, చేతిలో బెత్తం, కాళ్లకు తెల్ల కాన్వాసు బూట్లు. కబడ్డీ కోర్టు పక్కన నిలబడి, "ఒరే, వాడికి ఎడమ మడమ నొప్పిగా ఉంది, బయటికి పిలువు" అనేవారు. వాడు ఒప్పుకునేవాడు కాదు. బూటు విప్పితే వాచి ఉండేది. ఎలా తెలిసిందని అడిగితే, "అడుగు వేసే చప్పుడు తేడాగా ఉందిరా" అనేవారు. ఇవాళ మా మేనకోడలి కాలేజీలో నేలలో పాతిపెట్టిన బల్ల ఒకటి ఉందట. దానిమీద అడుగు వేస్తే కుడికాలు ఎంత బలంగా నేలను తన్నిందో, ఎడమకాలు ఎంత తన్నిందో తెర మీద గీతలు పడతాయి. నాన్న చెవులతో విన్నదాన్ని ఆ బల్ల న్యూటన్లలో చెప్తుంది.

ఈ రెంటికీ చుట్టరికం నేను కల్పించింది కాదు, చరిత్రలో ఉన్నదే. 1891లో మసాచుసెట్స్ రాష్ట్రం స్ప్రింగ్‌ఫీల్డ్‌లో, వై.ఎం.సి.ఎ. శిక్షణ పాఠశాలలో జేమ్స్ నైస్మిత్ అనే డ్రిల్లు మాస్టారు, చలికాలంలో నాలుగు గోడల మధ్య కుర్రాళ్లని ఆడించడానికి రెండు పీచుపళ్ల బుట్టలు గోడకి కొట్టి బాస్కెట్‌బాల్ కనిపెట్టాడు. తర్వాత ఆయన మెడిసిన్ కూడా చదివాడు. అదే స్ప్రింగ్‌ఫీల్డ్‌లో చదివిన హ్యారీ క్రో బక్ అనే అమెరికన్ మద్రాసు వచ్చి 1920లో వై.ఎం.సి.ఎ. వ్యాయామ కళాశాల పెట్టాడు. ఉమ్మడి మద్రాసు రోజుల్లో మన డ్రిల్లు మాస్టార్లు శిక్షణకి పోయింది మద్రాసుకే. అంతకు ముందే మన కోడి రామమూర్తి నాయుడు మద్రాసు సైదాపేటలో వ్యాయామ శిక్షణ పొంది, విజయనగరం స్కూల్లో వ్యాయామం చెప్పాడు. గుండెల మీద ఏనుగుని నిలిపిన మల్లుడిగానే ఆయన మనకి తెలుసు. మాస్టారన్న సంగతి చాలామంది మరిచిపోయారు.

అమెరికాలో ఆ డ్రిల్లు మాస్టార్లు ఊరుకోలేదు. 1963లో హార్వర్డ్ మాజీ అధ్యక్షుడు జేమ్స్ కొనాంట్ ఉపాధ్యాయ శిక్షణ మీద ఒక పుస్తకం రాస్తూ, వ్యాయామ విద్యలో పీజీ కోర్సులు ఎత్తేయాలన్నాడు. ఆటలాడించడానికి పీజీ ఎందుకన్నది ఆయన వెటకారం. మరుసటి ఏడాదే బర్క్లీలో ఫ్రాంక్లిన్ హెన్రీ జవాబిచ్చాడు. టీచర్‌గా పనిచెయ్యనివాడికి కూడా తెలుసుకోదగ్గ విషయం ఇందులో ఉంది, ఇది తనకాళ్ల మీద తను నిలబడే విద్య అని వాదించాడు. 1967లో కెనడాలోని వాటర్లూ యూనివర్సిటీ కైనీసియాలజీ పేరుతోనే డిపార్ట్‌మెంట్ తెరిచింది. 1989లో అమెరికా వ్యాయామ విద్యా పండితుల అకాడమీ, ఇకమీదట ఈ విద్యని కైనీసియాలజీ అనే పిలుద్దామని సిఫారసు చేసింది. ఇంటిపేరు మారింది, వంశం అదే. నాన్న పనిచేసిన హైస్కూలు గ్రౌండూ, పిల్ల చదివే ల్యాబూ ఒకే చెట్టుకి రెండు కొమ్మలు. అటు కొమ్మకి ఎరువు పడింది. ఇటు కొమ్మ సంగతి మనకి తెలుసు. పదో తరగతి పరీక్షలు దగ్గరపడితే డ్రిల్లు పీరియడు లెక్కల మాస్టారిది. 2009 విద్యాహక్కు చట్టం కూడా ఆరు నుంచి ఎనిమిది తరగతుల్లో వంద మంది దాటిన బడికి వ్యాయామం చెప్పేవారిని పార్ట్‌టైమ్‌గా పెడితే చాలంది.

మైదానం గీత పక్కన

2023 జనవరి 2, సిన్సినాటి. అమెరికన్ ఫుట్‌బాల్ మ్యాచ్ మొదటి క్వార్టర్. బఫెలో బిల్స్ జట్టులో ఇరవైనాలుగేళ్ల డామర్ హామ్లిన్ ఎదుటివాణ్ణి పట్టి పడేసి, లేచి నిలబడి, రెండడుగులు వేసి వెనక్కి కూలిపోయాడు. గుండె ఆగిపోయింది. ఛాతీ మీద దెబ్బ గుండె కొట్టుకునే వరసలో ఒక ప్రమాదకరమైన క్షణంలో తగిలితే అలా జరుగుతుంది. కోట్లాదిమంది టీవీలో చూస్తుండగా అతని ఛాతీ నొక్కడం మొదలుపెట్టినవాడు జట్టు అసిస్టెంట్ అథ్లెటిక్ ట్రైనర్ డెన్నీ కెల్లింగ్టన్. ఆ మైదానంలోనే గుండె మళ్లీ కొట్టుకుంది. హామ్లిన్ ఆ ఏడాదే మళ్లీ మైదానంలోకి దిగాడు.

అప్పటిదాకా చాలామంది కళ్లకి ఆ ట్రైనర్లు నీళ్ల సీసాలు అందించేవాళ్లు. నిజానికి అథ్లెటిక్ ట్రైనర్ వేరు, జిమ్ ట్రైనర్ వేరు. మొదటివాడు వైద్య సిబ్బందిలో ఒకడు. అమెరికా వైద్య సంఘం 1990లోనే ఆ వృత్తిని గుర్తించింది. ఒకప్పుడు డిగ్రీతో వచ్చేవాళ్లు, ఇప్పుడు మాస్టర్స్ ఉండి తీరాలి. కాలేజీ కైనీసియాలజీ విభాగాల్లోంచి ఆ మాస్టర్స్‌కి పోయేవాళ్లు చాలామంది.

గీత పక్కన ఇంకో ఉద్యోగం ఉంది. 1969లో నెబ్రాస్కా యూనివర్సిటీ ఫుట్‌బాల్ జట్టు బాయిడ్ ఎప్లీ అనే కుర్రాణ్ణి ఆటగాళ్ల చేత బరువులు ఎత్తించడానికి పెట్టుకుంది. బరువులెత్తితే ఒళ్లు బిరుసెక్కి వేగం తగ్గుతుందని కోచ్‌లు గట్టిగా నమ్మే రోజులవి. తర్వాత ఎప్లీయే 1978లో స్ట్రెంత్ కోచ్‌ల సంఘం స్థాపించాడు. ఇప్పుడు ఐపీఎల్ జట్ల డగౌట్‌లో ట్యాబ్ పట్టుకుని నిలబడి, ఫలానా బౌలర్ ఈ వారం ఇన్ని ఓవర్లకి మించి వెయ్యకూడదని లెక్క చెప్పేవాళ్లు ఆ సంతతే.

మనవాళ్లకి దగ్గరి ఉదాహరణ ఇంకోటి ఉంది. మన హైదరాబాద్ రంజీ జట్టులో ఎదిగిన స్పిన్నర్ ప్రజ్ఞాన్ ఓఝాని 2014 డిసెంబర్‌లో బీసీసీఐ బౌలింగ్ వెయ్యొద్దంది. మోచేయి పరిమితికి మించి సాగుతోందని ఆరోపణ. నిబంధన ప్రకారం 15 డిగ్రీల దాకా సాగొచ్చు. మామూలు కంటికి పద్నాలుగుకీ పదహారుకీ తేడా తెలుస్తుందా? తెలియదు. అందుకే ల్యాబు. చెన్నై శ్రీరామచంద్ర యూనివర్సిటీలో చేతికి మెరిసే చుక్కలు అంటించి, చుట్టూ వేగమైన కెమెరాలు పెట్టి, భుజం నేలకి సమాంతరంగా వచ్చిన క్షణం నుంచి బంతి వేళ్లు వదిలే క్షణం దాకా మోచేయి కోణాన్ని కొలుస్తారు. యాక్షన్ సరిచేసుకున్నాక 2015 ఆరంభంలో ఓఝాకి అనుమతి దొరికింది. మైబ్రిడ్జ్ గుర్రానికి చేసిన పనే అది. ఇక్కడ ఒక ఆటగాడి బతుకు కొన్ని డిగ్రీల మీద వేలాడింది, అదే తేడా. ఆ లెక్క కట్టేవాణ్ణి బయోమెకానిక్స్ నిపుణుడు అంటారు. వాడిది కైనీసియాలజీ కావచ్చు, ఇంజినీరింగ్ కావచ్చు. రెండూ తెలిసినవాడికి గిరాకీ ఎక్కువ. సినిమాలకీ వీడియో గేమ్‌లకీ ఒంటి నిండా చుక్కలు అంటించుకుని నటులు గెంతే స్టూడియోల్లో ఉన్నదీ ఇదే సరంజామా.

బస్తా కింద వెన్నెముక

ఆటల గురించి రాస్తే ఎవరైనా చదువుతారు. కానీ ఈ చదువు చదివినవాళ్లలో స్టేడియం మొహం చూడనివాళ్లే ఎక్కువ. నాకు అన్నిటికన్నా ఆసక్తి అనిపించింది కూడా వాళ్ల పనే.

హార్వర్డ్‌లో 1927 నుంచి 1947 దాకా 'అలసట ప్రయోగశాల' అని ఒకటి నడిచింది. అది ఉన్నది మెడికల్ కాలేజీలో కాదు, బిజినెస్ స్కూల్ నేలమాళిగలో. కార్మికుడు ఎందుకు అలిసిపోతాడో తెలిస్తే ఫ్యాక్టరీ బాగా నడుస్తుందన్నది దాన్ని పెట్టినవాళ్ల లెక్క. ఉద్దేశం లాభమే అయినా, శ్రమకి కొలత కట్టాలన్న ఆలోచన అక్కడ గట్టిపడింది.

ఆ దారిలోనే ఒక సూత్రం వచ్చింది. అమెరికా ప్రభుత్వ వృత్తి ఆరోగ్య సంస్థ 1981లో తయారుచేసి 1991లో సవరించింది. రెండు చేతులతో ఒక మనిషి ఎంత బరువు ఎత్తొచ్చు? పరిస్థితులన్నీ అనుకూలంగా ఉంటే 23 కిలోలు. అంటే బరువు నడుము ఎత్తులో ఉండాలి, ఒంటికి దగ్గరగా ఉండాలి, పట్టు బాగా దొరకాలి, నడుము మెలి తిరగకూడదు, గంటకి ఎన్నోసార్లు ఎత్తకూడదు. వీటిలో ఏ ఒక్కటి తప్పినా అంకె దిగుతుంది. ఒంటి నుంచి బరువు 25 సెంటీమీటర్ల దూరంలో ఉండేదల్లా 50 సెంటీమీటర్లకి జరిగితే 23 కాస్తా పదకొండున్నర అవుతుంది. అందుకే బిందెని చంకనెత్తుకున్న ఆడమనిషి చేతులు చాచి పట్టుకున్నవాడికన్నా తెలివైనది. ఆమెకి సూత్రం అక్కర్లేదు.

నేను గుంటూరు మిర్చి యార్డుకి వెళ్లినప్పుడల్లా హమాలీల వీపుల్నే చూస్తాను. ఆ సూత్రం వీపు మోతకి రాసింది కాదు. కానీ వెన్నుపూసల మధ్య మెత్తటి దిండ్లకి ఎత్తినా మోసినా నొక్కుడు నొక్కుడే. వాటర్లూలో స్టూవర్ట్ మెక్‌గిల్ బృందం పందుల వెన్నుపూసల్ని యంత్రంలో పెట్టి బరువు మోపి, వేలసార్లు ముందుకి వంచుతూ చూసింది. దిండ్లు పగలడానికి పెద్ద బరువు అక్కర్లేదు, అదేపనిగా వంగితే చాలని తేలింది. నాట్లు వేసేవాళ్ల నడుముల గురించి ఇంకేం చెప్పాలి!

ఈ లెక్కలు చేతబట్టుకుని ఫ్యాక్టరీలో తిరిగేవాణ్ణి ఎర్గోనమిస్ట్ అంటారు. మన భాషలో దీనికి మంచి పేరింకా కుదరలేదు. పని మనిషికి సరిపోయేట్టు చేసేవాడు అనుకుందాం. బోల్టు బిగించే చోటు నాలుగంగుళాలు కిందికి దించమంటాడు, డబ్బాకి పిడి పెట్టమంటాడు. ఫోర్డ్ లాంటి కంపెనీలు కొత్త కారు లైను మీదికి రాకముందే, కంప్యూటర్లో బొమ్మ కార్మికుడి చేత భాగాలు బిగించి, ఎక్కడ భుజం పట్టేస్తుందో చూసుకుంటాయి. దెబ్బ తగిలాక ఇంకో రకం ఉద్యోగం మొదలవుతుంది. కెనడాలో పనిలో గాయపడిన మనిషి తిరిగి పనిలోకి పోగలడా, పోతే ఎంత బరువు ఎత్తగలడు, ఎంతసేపు నిలబడగలడు అని పరీక్షించి నివేదిక రాసేవాళ్లలో కైనీసియాలజిస్టులు ముందుంటారు. ఆ కాగితం మీదే బీమా డబ్బు, ఒక్కోసారి ఇల్లు గడవడం ఆధారపడతాయి. ఒంటారియో రాష్ట్రం ఈ వృత్తి కోసం 2007లో చట్టం చేసింది. 2013 ఏప్రిల్ నుంచి అక్కడ పరీక్ష పాసై నమోదు చేయించుకోనివాడు కైనీసియాలజిస్టునని చెప్పుకోకూడదు.

ఈ చట్టం ఎందుకు అవసరమో ఒక పిట్టకథ. 'అప్లైడ్ కైనీసియాలజీ' అని ఒకటి చలామణిలో ఉంది. నాలుక మీద పంచదార వేసి, చాపిన చేతిని నొక్కి, చెయ్యి కిందికి దిగితే మీకు పంచదార పడదని చెప్తారు. 1964లో డెట్రాయిట్‌లో ఒక కైరోప్రాక్టర్, అంటే చేతులతో వెన్నెముక సర్దే వైద్యుడు, మొదలుపెట్టిన వ్యవహారమిది. ఏం వేశారో నొక్కేవాడికీ చెయ్యి చాపినవాడికీ తెలియకుండా పరీక్షిస్తే నిలబడలేదు. పేరులో కైనీసియాలజీ ఉందని దాన్నీ దీన్నీ కలిపెయ్యకండి.

సహస్రనామం వేగం

అక్టోబర్‌లో అమ్మకి ఛాతీలో నొప్పి వచ్చింది. ఒక పెద్దాసుపత్రిలో రెండు స్టెంట్లు వేశారు. పని బాగా చేశారు, అందులో వంక పెట్టను. డిశ్చార్జి రోజు ఇచ్చిన కాగితాల్లో మందుల జాబితా రెండు పేజీలుంది. చివర ఒక్క ముక్క: రోజూ నడవాలి. ఎంతసేపు, ఎంత వేగంగా, ఎప్పుడు ఆగాలి అని నేనడిగితే, "అలవాటైనంత నడిపించండి సార్" అన్నాడు అక్కడి కుర్రాడు. అమ్మకి భయం. మంచం దిగనంది.

ఆ సమయానికి మేనకోడలు టెక్సాస్‌లో ఒక గుండె పునరావాస కేంద్రంలో ఇంటర్న్‌షిప్ చేస్తోంది. అక్కడ గుండెపోటు వచ్చినవాళ్లకి, స్టెంటు వేయించుకున్నవాళ్లకి ప్రభుత్వ బీమా మామూలుగా 36 సెషన్ల దాకా డబ్బు కడుతుంది. ఛాతీకి తీగలు పెట్టి, తెరమీద ఈసీజీ చూస్తూ, ట్రెడ్‌మిల్ మీద నడిపిస్తారు. నడిపించేది డాక్టరు కాదు. వ్యాయామ శరీరధర్మ శాస్త్రం చదివినవాళ్లూ నర్సులూ. వాళ్ల పైన ఒక డాక్టరు ఉంటారు.

పిల్ల వీడియో కాల్ చేసింది. ముందు మమ్మల్ని డాక్టరు దగ్గరికి పంపి, నడిపించొచ్చని ఆయన చేత చెప్పించుకుంది. తర్వాత నాకు పని పెట్టింది. వసారా పొడవు టేపుతో కొలవమంది. పదకొండు మీటర్లు. "అమ్మమ్మా, ఆరు నిమిషాలు ఇటూ అటూ నడువు. ఆయాసం వస్తే ఆగు, కూర్చో, మళ్లీ లే. పోటీ కాదు." ఎన్ని తిరుగుళ్లో నేను లెక్కపెట్టాను.

"నాడి చూడొద్దుటే?" అంది అమ్మ, తాను కూడా ఏదో చెయ్యాలన్న ఉత్సాహంతో.

"నువ్వు వేసుకునే మాత్ర నాడిని ఎలాగూ తగ్గించి ఉంచుతుంది. దాన్ని నమ్మలేం. నీకెంత కష్టంగా ఉందో నువ్వే చెప్పు. ఆరు అంటే కుర్చీలో కూర్చున్నట్టు. ఇరవై అంటే ఇక చచ్చిపోతానన్నట్టు. పదకొండుకీ పదమూడుకీ మధ్య ఉండాలి."

గున్నార్ బోర్గ్ అనే స్వీడన్ మనస్తత్వ శాస్త్రజ్ఞుడు చేసిన కొలబద్ద అది. ఆరుతో మొదలవడానికి కారణముంది. పడుచువాడు చెప్పే అంకెని పదితో గుణిస్తే ఇంచుమించు వాడి గుండె వేగం వస్తుంది. ఎనభై దాటిన మా అమ్మకి ఆరూ ఇరవై గోల ఎక్కలేదు. రెండు రోజులు నానా అంకెలూ చెప్పింది. మూడో రోజు పిల్లే దారి మార్చింది. "నువ్వు విష్ణు సహస్రనామం చదువుతావుగా, చదువుతూ నడువు. శ్లోకం మధ్యలో ఊపిరి కోసం ఆగాల్సి వస్తే వేగం తగ్గించు. రాగం తీసి పాడగలుగుతున్నావంటే పెంచు."

మాట్లాడగలగాలి, పాడలేకపోవాలి అన్నది ఆ వృత్తిలో వాడే పరీక్షే. దాన్ని తెనాలి వసారాకి దించడం ఏ పాఠంలోనూ ఉండదు. ఆ వారమే బావగారు మామిడిచెట్టువైపు చూడటం మానేశారని అక్క చెప్పింది.

మంచం దిగకపోతే భూమ్మీద మనిషికి జరిగేదే ఆకాశంలోనూ జరుగుతుంది. బరువు లేని చోట తుంటి ఎముక వ్యాయామం లేకపోతే నెలకి ఒకటి, ఒకటిన్నర శాతం కరుగుతుంది. అందుకే అంతరిక్ష కేంద్రంలో రోజుకి రెండు గంటలకు పైగా వ్యాయామానికే కేటాయిస్తారు. 286 రోజులుండి 2025 మార్చిలో దిగిన సునీతా విలియమ్స్‌ని స్ట్రెచర్ మీద తీసుకెళ్లడం మనం చూశాం. దిగాక వ్యోమగాములకి 45 రోజుల పునరావాస కార్యక్రమం ఉంటుంది. వాళ్లని మళ్లీ నడిపించడానికి నాసాలో ప్రత్యేకంగా శిక్షకులున్నారు. ఆ ఉద్యోగాలు వేళ్లమీద లెక్కపెట్టేన్ని. గొప్పగా ఉంటుందని చెప్పాను గానీ, దాన్ని చూసి ఎవర్నీ ఈ చదువులో చేర్పించకండి.

ఒక్కో తలుపుకీ ఒక్కో తాళం

ఇక బావగారి ప్రశ్నకి సూటి జవాబు. నాలుగేళ్ల కైనీసియాలజీ డిగ్రీ ఒక్కటే చేతిలో ఉంటే అమెరికాలో వెంటనే దొరికేది జిమ్‌లో ట్రైనర్ ఉద్యోగం, లేదంటే క్లినిక్‌లో సహాయకుడి పని. 2023లో అక్కడి కార్మిక శాఖ లెక్కల ప్రకారం ఫిట్‌నెస్ ట్రైనర్ల మధ్యస్థ వార్షిక ఆదాయం సుమారు 46 వేల డాలర్లు. వ్యాయామ శరీరధర్మ నిపుణులకి 55 వేలు, అథ్లెటిక్ ట్రైనర్లకి 58 వేలు. ఫిజికల్ థెరపిస్టులకి దాదాపు లక్ష. ఈ చివరి అంకె చూసే చాలామంది ఈ డిగ్రీలో చేరతారు. ఆ లక్ష కైనీసియాలజీది కాదు. దాని తర్వాత ఇంకో మూడేళ్లు చదివే డాక్టర్ ఆఫ్ ఫిజికల్ థెరపీది, ఆపైన రాసే లైసెన్సు పరీక్షది. ఆక్యుపేషనల్ థెరపీ, కృత్రిమ అవయవాలు అమర్చే పని, మెడిసిన్, దేని తాళం దానిదే. లైసెన్సుల్లో కూడా తలో దారి. అథ్లెటిక్ ట్రైనర్‌కి దేశమంతా నియమాలున్నా కాలిఫోర్నియాలో లైసెన్సు లేదు. వ్యాయామ శరీరధర్మ నిపుణుడికి లైసెన్సు ఇచ్చేది లూసియానా ఒక్కటే.

మూడో ఏడాదిలోనే ఏ తలుపో తేల్చుకున్నవాళ్లు బాగున్నారు. డిగ్రీ అయ్యాక చూసుకుందాం అనుకున్నవాళ్లు జిమ్‌లో తువ్వాళ్లు మడతపెడుతున్నారు. కఠినంగా ఉన్నా నాకు తోచింది ఇదే.

మన దగ్గర ఈ పేరుతో డిగ్రీ అరుదు. ఆ చదువు ముక్కలుముక్కలుగా వేరేచోట్ల ఉంది. గ్వాలియర్ లక్ష్మీబాయి సంస్థ 1957 నుంచి, పటియాలా క్రీడా సంస్థ 1961 నుంచి పనిచేస్తున్నాయి. పీఈసెట్ రాసి బీపీఎడ్ చేస్తే మా నాన్న దారి. బీపీటీ చేస్తే ఫిజియోథెరపీ. సిడ్నీ ఒలింపిక్స్‌లో కంచు పతకం తెచ్చిన మన శ్రీకాకుళం కరణం మల్లీశ్వరిని 2021లో ఢిల్లీ క్రీడా విశ్వవిద్యాలయానికి తొలి వైస్ ఛాన్సలర్‌ని చేశారు. బరువులెత్తిన మనిషిని యూనివర్సిటీ కుర్చీలో కూర్చోబెట్టడానికి మనకి ఇన్నాళ్లు పట్టింది.

ఇప్పుడు అసలు చెప్పాల్సినమాట. తెలుగు రాష్ట్రాల్లో బీపీటీ చేసిన పిల్లలు ఎంతోమంది ఎమ్మెస్ కోసం అమెరికా కైనీసియాలజీ, ఎక్సర్‌సైజ్ సైన్స్ కోర్సులకి దరఖాస్తు పెడుతున్నారు. ఆ ఎమ్మెస్ చేసినంత మాత్రాన అక్కడ ఫిజియోథెరపిస్టు కారు. అందుకు మన డిగ్రీని విడిగా మదింపు చేయించుకుని, ఎన్‌పీటీఈ అనే జాతీయ పరీక్ష పాసవ్వాలి. కన్సల్టెన్సీవాళ్లు ఈ సంగతి మింగేస్తుంటారు.

ఇంకొకటి. ఒకే పేరున్న కోర్సుని ఒక్కో యూనివర్సిటీ ఒక్కో ప్రభుత్వ వర్గీకరణ సంఖ్య కింద నడుపుతుంది. 26తో మొదలైతే జీవశాస్త్రాల లెక్క. 31తో మొదలైతే పార్కులు, వినోదం, ఫిట్‌నెస్ లెక్క. చదువయ్యాక అక్కడ పనిచెయ్యడానికి స్టెమ్ (సైన్స్, టెక్నాలజీ, ఇంజినీరింగ్, లెక్కలు) విద్యార్థులకిచ్చే అదనపు 24 నెలలు వస్తాయా రావా అన్నది ఆ సంఖ్యని బట్టే ఉంటుంది. ఫీజు కట్టకముందే యూనివర్సిటీకి ఈమెయిల్ పెట్టి, మీ కోర్సు సంఖ్య ఎంత, అది స్టెమ్ జాబితాలో ఉందా అని రాతపూర్వకంగా అడగండి. వీసా కోసం యూనివర్సిటీ పంపే ఐ-20 కాగితం వచ్చాక కోర్సు పేరు పక్కనే ఆ సంఖ్య అచ్చయి ఉంటుంది. వీసా ఇంటర్వ్యూకి బయల్దేరేముందు ఒకసారి సరిచూసుకోండి.